మేకపోతు గాంభీర్యం: పేకాటలో లెక్క, బ్లఫ్‌కు వేళ



ఈనాటి ప్రసంగం పేకాట గురించి అని వినగానే కొందరి ఇళ్ళలో పెద్దవాళ్ళు రేడియో కట్టేయమంటారేమోనని నాకో అనుమానం. దయచేసి కట్టేయకండి. నేను పేకాట ఆడమని చెప్పడానికి రాలేదు. ఆడొద్దని నీతులు చెప్పడానికీ రాలేదు. ముప్పై ఏళ్ళు బడిలో పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. ఆ లెక్కల్లో కొన్ని పేకముక్కల్లో కూడా ఉన్నాయనీ, అవి తెలియకనే చాలామంది చేతులు కాల్చుకున్నారనీ మీకు మనవి చేసుకోవడానికి వచ్చాను.

మాది కుడతిని. బళ్ళారి నుంచి హొసపేటకు పోయే దారిలో వస్తుంది. వేల ఏళ్ళనాటి బూడిద దిబ్బ మూలంగా పురాతత్వ శాస్త్రజ్ఞులకూ, థర్మల్ విద్యుత్ కేంద్రం మూలంగా ఇప్పటివాళ్ళకూ తెలిసిన ఊరు. మా వైపు ఉగాది అంటే బేవు-బెల్ల, కొత్త బట్టలు, పంచాంగ శ్రవణం. ఆ మూడూ అయ్యాక నాలుగోది పేకాట. ఏడాది పొడుగునా ముక్క ముట్టనివాళ్ళు కూడా ఆ ఒకటి రెండు రోజులు గుడికట్ట మీదో, కల్లంలోనో కూర్చుంటారు. కన్నడం మాట్లాడే ఇంట్లోనూ ఇంతే, తెలుగు మాట్లాడే ఇంట్లోనూ ఇంతే. ఆసు, రాజు, రాణి, జాకీలకు భాషాభేదం లేదు.

మా వైపు ఎక్కువగా కనిపించే ఆటలు మూడు. ఒకటి లోపల-బయట. దీన్నే అందర్ బాహర్ అంటారు. రెండోది రమ్మీ, అంటే పదమూడు ముక్కలాట. మూడోది మూడు ముక్కలాట. ఈ మూడూ పేకముక్కలతోనే ఆడతారు గానీ మూడింటి స్వభావం వేరు.

లోపల-బయట సంగతి మొదట చూద్దాం. ఒక ముక్క తిప్పి పెడతారు. ఆ అంకె ముక్క మళ్ళీ లోపలి వైపు పడుతుందా, బయటి వైపు పడుతుందా అన్నదే పందెం. ఇందులో మీరు చేయగలిగిన ఆలోచన ఏమీ లేదు. మిగిలిన 51 ముక్కల్లో అదే అంకెవి మూడు ఉంటాయి. లెక్క వేస్తే, మొదట ముక్క వేసే వైపుకు నూటికి 51.5 పాళ్ళు, రెండో వైపుకు 48.5 పాళ్ళు అవకాశం. అంతే. నిన్న లోపల ఎన్నిసార్లు పడిందో కాగితం మీద రాసుకున్నా, ఎడమచేత్తో పందెం వేసినా ఈ లెక్క మారదు. ఎదురుగా కూర్చున్నవాడు మిమ్మల్ని చూసి భయపడేది లేదు, మీరు వాణ్ణి చూసి నేర్చుకునేదీ లేదు.

రమ్మీ అలా కాదు. ఎవరు ఏ ముక్క దించారు, ఎవరు ఏది ఎత్తుకున్నారు అన్నది గుర్తుంచుకోవాలి. మంచి ఆటగాణ్ణి ఎక్కడ గుర్తుపట్టవచ్చో రమ్మీ ఆడేవాళ్ళకు తెలుసు. ముక్కలు పంచగానే చూసుకుని, బాగాలేకపోతే ఒక్క ముక్క కూడా ఎత్తకుండా డ్రాపు చెప్పేస్తాడు. ఇరవై పాయింట్లతో బయటపడతాడు. ఆశపడినవాడు ఇంకో ముక్క, ఇంకో ముక్క అనుకుంటూ చివరికి ఫుల్ కౌంటు ఎనభై ఇచ్చుకుంటాడు. ఈ డ్రాపు అనే మాటను గుర్తుపెట్టుకోండి, ముందుముందు మనకు అవసరం.

ఇక మూడు ముక్కలాట. దీనికి పెద్దన్నలాంటి ఆటే పోకర్. అమెరికాలో పుట్టి పెరిగి, సెల్‌ఫోన్ల పుణ్యమా అని మన పల్లెలదాకా వచ్చింది. మూడు ముక్కలు తెలిసినవాడికి పోకర్ అర్థం కావడం కష్టం కాదు. ఇప్పుడు ఎక్కువగా ఆడే పద్ధతి చెబుతాను.

ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి పంచుతారు. అవి ఎవరివి వాళ్ళే చూసుకోవాలి. ఆ తర్వాత అందరికీ ఉమ్మడిగా నేలమీద ఐదు ముక్కలు తెరిచి వేస్తారు. ఐదూ ఒక్కసారి కాదు. మొదట మూడు, తర్వాత ఒకటి, ఆఖరికి ఇంకొకటి. చేతిలోని రెండు, నేలమీది ఐదు, మొత్తం ఏడింటిలో మంచివి ఐదు ఏరుకుంటే అదే మీ ఆట. రెండు ముక్కలు రాగానే ఒకసారి, నేలమీద ముక్కలు పడిన ప్రతిసారీ ఒకసారి, మొత్తం నాలుగు విడతలు పందెం నడుస్తుంది. మీ వంతు వచ్చినప్పుడు చేయగలిగినవి కొన్నే. ఎవరూ పందెం వేయకపోతే ఊరుకోవచ్చు, లేదా మీరే వేయవచ్చు. ఎదుటివాడు వేస్తే అంత పెట్టి నిలబడవచ్చు, ఇంకా పెంచవచ్చు, లేదా ముక్కలు పడేసి తప్పుకోవచ్చు. ఈ తప్పుకోవడాన్ని పోకర్‌లో ఫోల్డ్ అంటారు. మన రమ్మీలో డ్రాపు లాంటిదే.

ఏది పెద్ద, ఏది చిన్న అన్నది ఎలా నిర్ణయించారో చూడండి. 52 ముక్కల్లోంచి ఐదు ముక్కలు తీస్తే మొత్తం 25,98,960 రకాలుగా రావచ్చు. ఒకే రంగులో ఆసు, రాజు, రాణి, జాకీ, పది రావడం అందులో నాలుగే నాలుగు. అందుకే అది అన్నిటికన్నా పెద్దది. ఒకే అంకెవి నాలుగు రావడం 624 రకాలు. ఒకే రంగువి ఐదు, వరసలో కాకుండా, 5,108. రంగు కలవని వరస 10,200. ఎంత అరుదైతే అంత పెద్దదన్నమాట. మన మూడు ముక్కలాటలో మాత్రం ఒక చిన్న వింత ఉంది. మూడు ఆసులో, మూడు రాజులో, ఇలా ఒకే అంకెవి మూడు రావడం 52 రకాలు. ఒకే రంగులో వరస రావడం 48 రకాలే. లెక్క ప్రకారం రెండోది అరుదు. అయినా మనవాళ్ళు మొదటిదానికే పెద్దపీట వేశారు. ఆచారానిదే పైచేయి అయింది.

ఇంకో లెక్క చెబుతాను. ఇది ముఖ్యం. మూడు ముక్కలు 22,100 రకాలుగా రావచ్చు. వాటిలో జత గానీ, వరస గానీ, రంగు గానీ ఏమీ లేనివి 16,440. అంటే నాలుగుసార్లు పంచితే దాదాపు మూడుసార్లు మీ చేతిలో ఏమీ ఉండదు. ఐదు ముక్కల్లోనైతే సగంసార్లు ఏమీ ఉండదు. మీకే కాదు, ఎదుటివాడికీ అంతే. ఇద్దరి చేతుల్లోనూ ఏమీ లేనప్పుడు పందెం ఎవరిది? ధైర్యంగా నిలబడినవాడిది. అక్కడ పుట్టిందే బ్లఫ్.

బ్లఫ్‌కు మన భాషలో ఏనాటినుంచో ఒక మాట ఉంది. మేకపోతు గాంభీర్యం. దాని వెనుక ఉన్న కథ మీ అవ్వలు చెప్పే ఉంటారు. మందలోంచి తప్పిపోయిన ముసలి మేకపోతు ఒకటి వానకు తట్టుకోలేక ఒక గుహలో దూరింది. ఆ గుహ సింహానిది. రాత్రి సింహం వచ్చి చూస్తే చీకట్లో గడ్డం, కొమ్ములు, మెరిసే కళ్ళు. ‘ఎవరు నువ్వు?’ అంది. మేకకు గుండె ఝల్లుమంది. కానీ గొంతు తగ్గించలేదు. ‘నేను శివభక్తుణ్ణి. ఇన్ని పులుల్నీ, ఇన్ని ఏనుగుల్నీ, ఇన్ని సింహాల్నీ తింటానని వ్రతం పట్టాను. పులులు, ఏనుగులు అయిపోయాయి. సింహాలు మిగిలాయి’ అంది. సింహం పరుగు అందుకుంది. దారిలో నక్క ఎదురై, అది మేక స్వామీ, రండి చూపిస్తాను అని వెనక్కి తీసుకొచ్చింది. మేక నక్కను చూసి, ‘పది సింహాల్ని తెమ్మంటే ఒక్కదాన్నే తెచ్చావేం?’ అని గద్దించింది. సింహం మళ్ళీ వెనక్కి చూడకుండా పరుగెత్తింది. తెల్లవారగానే మేక మెల్లగా గుహ దిగి మందలో కలిసింది.

పిల్లల కథే. అయినా పోకర్ ఆటగాళ్ళు పుస్తకాలు చదివి నేర్చుకునే సంగతులన్నీ ఇందులో ఉన్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, మేక భయపెట్టింది ఒక్క సింహాన్ని. గుంపును కాదు. ఒక మనిషి మీ పందెం చూసి తప్పుకునే అవకాశం రెండింట ఒకటి అనుకుందాం. ఇద్దరూ తప్పుకునే అవకాశం నాలుగింట ఒకటి. ముగ్గురూ తప్పుకోవడం ఎనిమిదింట ఒకటే. అందుకే బ్లఫ్ ఒక్కరి మీద చేయాలి. ఇద్దరుంటే ఆలోచించాలి. ముగ్గురుంటే మానుకోవాలి.

రెండోది, మేక కథ మొదటినుంచి చివరిదాకా ఒక్కటే. రాత్రి వ్రతం అన్నది, నక్క వచ్చినప్పుడూ ఆ వ్రతాన్నే పట్టుకుంది. పోకర్‌లో కూడా మీ పందేలన్నీ కలిసి ఒక కథ చెబుతాయి. మొదటి మూడు విడతలూ నంగినంగిగా ఉండి, ఆఖరి ముక్క పడగానే ఒక్కసారిగా పెద్ద పందెం వేస్తే, అప్పటిదాకా ఈ మనిషి చేతిలో ఏమున్నట్టు అని ఎదుటివాడికి అనుమానం వస్తుంది. నేలమీద మూడు ఇస్పేటు ముక్కలు పడి, మీరు మొదటినుంచీ ఇస్పేట్లు ఉన్నవాడిలా పందెం వేస్తూ వచ్చి ఉంటే, అప్పుడు నమ్ముతాడు. నటనకు బళ్ళారి రాఘవగారిని తలుచుకునే ప్రాంతం మనది కాబట్టి బ్లఫ్ అంటే ముఖంలో నటన అనుకుంటాం. ముఖం కన్నా ముందు పందేల పొందిక కుదరాలి.

మూడోది, సింహానికి పారిపోయే దారి ఉంది, పారిపోవాలన్న బుద్ధీ ఉంది. ఎదుటివాడు తప్పుకోవడం తెలిసినవాడై ఉండాలి. ఏది వచ్చినా ‘చూపించు’ అనేవాడి మీద బ్లఫ్ పనిచేయదు. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు, తాగి కూర్చున్నవాళ్ళు, అప్పటికే బాగా పోగొట్టుకుని పంతం పట్టినవాళ్ళు తప్పుకోరు. తెలిసినవాణ్ణి భయపెట్టవచ్చు. తెలియనివాణ్ణి భయపెట్టలేం.

నాలుగోది లెక్క. నడుమ పోగైన పందేన్ని కుప్ప అందాం. కుప్పలో వంద ఉంది. మీరు యాభై వేసి బ్లఫ్ చేశారు. ఎదుటివాడు తప్పుకుంటే మీకు వంద లాభం. నిలబడితే యాభై నష్టం. అంటే మూడుసార్లలో ఒక్కసారి తప్పుకున్నా మీకు నష్టం లేదు. అదే వందకు వంద వేస్తే రెండుసార్లలో ఒకసారైనా తప్పుకోవాలి. ఎక్కువ భయపెట్టాలంటే ఎక్కువ పెట్టాలి, ఎక్కువ పెడితే ఎక్కువసార్లు ఫలించాలి. ఈ భాగహారం చేయకుండా వేసే బ్లఫ్‌కు ధైర్యం అని పేరు పెట్టలేం.

అదే లెక్కను ఎదుటివాడి వైపునుంచి చూడండి. అతను యాభై పెట్టి నిలబడితే, కుప్పలోని వంద, మీ యాభై, మొత్తం నూటయాభై గెలవవచ్చు. నాలుగుసార్లలో ఒకసారి కన్నా ఎక్కువ మీరు బొంకుతున్నారని పసిగడితే ప్రతిసారీ నిలబడటమే అతనికి లాభం. అందువల్ల ఈ పందేనికి సరైన పాళ్ళు మూడు నిజాలకు ఒక బ్లఫ్. అంతకు మించితే దొరికిపోతారు. అసలు బ్లఫ్ లేకపోయినా ఇబ్బందే. మీరు పందెం వేసిన ప్రతిసారీ అందరూ లేచిపోతారు, మంచి ముక్కలు వచ్చినా మీకు రాబడి ఉండదు.

ఐదోది, ఏ ముక్కలతో బ్లఫ్ చేయాలి? దీని మీద ఒక మహా గణితవేత్త పనిచేశాడు. హంగేరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన జాన్ ఫాన్ నోయ్‌మన్. 1928లో ఆటల గణితం మీద ఒక వ్యాసం ప్రచురించాడు. 1944లో ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్ అనే ఆర్థిక శాస్త్రవేత్తతో కలిసి తెచ్చిన పెద్ద గ్రంథంలో పోకర్‌కు ఒక భాగమే కేటాయించాడు. ఆయన తేల్చిన సంగతి వింటే మొదట ఆశ్చర్యం వేస్తుంది. చాలా మంచి ముక్కలతో పందెం వేయాలి, చాలా చెడ్డ ముక్కలతో అప్పుడప్పుడు బ్లఫ్ చేయాలి, మధ్యరకం ముక్కలతో మాత్రం ఊరుకోవాలి. ఎందుకు? మధ్యరకం ముక్కలకు చూపించే దగ్గర గెలిచే అవకాశం ఎంతో కొంత ఉంది. దాన్ని బ్లఫ్‌లో పారేసుకోవడం దండగ. చెడ్డ ముక్కలకు చూపించే దగ్గర విలువే లేదు కాబట్టి పోయేదేమీ లేదు.

కొత్తవాళ్ళకు దీనికన్నా భద్రమైన దారి ఇంకొకటుంది. నేలమీద మూడు ముక్కలు పడ్డాయి. మీ రెండింటితో కలిపి నాలుగు ఆఠీను ముక్కలయ్యాయి, ఐదోది రావాలి. మీకు కనిపించని ముక్కలు 47, వాటిలో ఆఠీన్లు 9. ఇంకా రెండు ముక్కలు పడాలి కాబట్టి ఐదో ఆఠీను వచ్చే అవకాశం నూటికి 35. ఇలాంటప్పుడు పందెం వేస్తే రెండు రకాలుగా లాభం. ఎదుటివాడు తప్పుకుంటే సరి, తప్పుకోకపోయినా మూడోవంతుకు పైగా ఆశ మిగిలి ఉంటుంది. దీన్ని సగం బ్లఫ్ అంటారు.

బ్లఫ్ ముఖంలో లేదు, లెక్కలో ఉంది అన్నానా? దానికి రుజువు 2017లో దొరికింది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంవాళ్ళు లిబ్రేటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం తయారుచేసి, పిట్స్‌బర్గ్‌లో నలుగురు పేరున్న పోకర్ ఆటగాళ్ళతో ఒక్కొక్కరితో విడివిడిగా ఆడించారు. ఇరవై రోజులు, మొత్తం 1,20,000 ఆటలు. కంప్యూటరే గెలిచింది. దానికి ముఖం లేదు, ఎదుటివాడి ముఖం అది చూడనూ లేదు. చెమటలు పట్టవు, గొంతు వణకదు. అయినా బ్లఫ్ చేసింది. ఎప్పుడు చేయాలో తనతో తానే లెక్కలేనన్ని ఆటలు ఆడుకుని తెలుసుకుంది.

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. చెప్పడానికి కొంచెం సంకోచంగానే ఉంది.

థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ 2007లో వచ్చింది. నేను చెప్పేది దానికి చాలా ముందు, ఒక ఉగాది రాత్రి మాట. మా మేనమామ పత్తి అమ్మిన డబ్బు నడుముకు కట్టుకుని కల్లంలో మూడు ముక్కలాటకు కూర్చున్నాడు. ఆయనతో కలిపి ఐదుగురు. నేను పిల్లవాణ్ణి, కూజాతో నీళ్ళు అందిస్తూ పక్కన నిలబడ్డాను. ఆ ఆటలో మామ చేతిలో రాణి, తొమ్మిది, నాలుగు. రంగు కలవలేదు. ఏమీ లేనట్టే. కానీ అప్పటికే కొంత పోయింది. పోయినదాన్ని లాగాలన్న పంతం పట్టుకుంది. పెంచుతూ పోయాడు. ఇద్దరు లేచారు. మూడోవాడు కాసేపు చూసి పడేశాడు. నాలుగోవాడు ఆ ఏడే ఆట నేర్చుకున్న పిల్లగాడు. తనకేం వచ్చిందో, దానితో ఎంతదాకా నిలబడాలో వాడికే తెలియదు. ప్రతిసారీ ‘నేనూ ఉండా మామా’ అంటూ పెట్టుకుంటూ వచ్చాడు. ఆఖరికి చూపించమన్నారు. వాడిది రెండు ఆరులు. చిన్న జత. ఆ ఉగాదికి మా మామ ఇంటికి ఖాళీ నడుముతో వచ్చాడు. నెల తిరక్కుండా ఎద్దుల జత అమ్ముడుపోయింది.

చాలా ఏళ్ళ తర్వాత, లెక్కల మాస్టారినయ్యాక, ఆ ఆట లెక్క వేసి చూశాను. ఒక్క మనిషి చేతిలో ఏమీ లేకపోయే అవకాశం నూటికి 74. నలుగురి చేతుల్లోనూ ఏమీ లేకపోయే అవకాశం నూటికి దాదాపు 30. అంటే వాళ్ళలో ఒక్కడికైనా జతో, అంతకన్నా పెద్దదో ఉండే అవకాశం నూటికి 70. పైగా అందులో ఒకడు తప్పుకోవడం తెలియనివాడు. నేను ఇంతకుముందు చెప్పినవాటిలో మామ ఎన్ని తప్పాడో మీరే లెక్కపెట్టుకోండి. అన్నిటికన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది. ఆయన ఎదుటివాళ్ళ చేతుల్ని చూసి పెంచలేదు, తనకు పోయిన డబ్బును చూసి పెంచాడు. ఎదుటివాళ్ళకు ఆ డబ్బు బాధ ఏం తెలుస్తుంది? మనకు అవసరం ఉన్నంత మాత్రాన మన బ్లఫ్‌కు బలం రాదు.

ఆ రాత్రి మా అత్త తిట్టలేదు, ఏడవలేదు. ‘చేతిలో ఏమీ లేకుంటే లేసి రాకూడదా?’ అని ఒక్క మాట అంది. మామ జవాబు చెప్పలేదు. ఆ తర్వాత ఆయన పందెం పెట్టి ముక్క ముట్టలేదు.

మేక కథలో చివరి పాఠం కూడా ఇదే. మేక ఆ గుహలోకి పందెం కట్టడానికి పోలేదు, వానకు పోయింది. రెండుసార్లు గెలిచింది కదా అని మూడో సింహం కోసం కాచుకోలేదు. తెల్లవారగానే దిగిపోయింది.

భారతంలో నలమహారాజు కథ మీకు తెలుసు. పుష్కరుడితో జూదమాడి రాజ్యం పోగొట్టుకుని, బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడి దగ్గర సారథిగా చేరాడు. ఒకరోజు రథం మీద పోతుంటే ఋతుపర్ణుడు తాండ్ర చెట్టును చూసి దాని ఆకులు, కాయలు ఎన్నో చెప్పేశాడు. నలుడు దిగి లెక్కపెడితే సరిగ్గా సరిపోయింది. అప్పుడు నలుడు తన అశ్వవిద్యను ఇచ్చి, ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం నేర్చుకున్నాడు. అది నేర్చిన క్షణంలోనే కలి అతని ఒంట్లోంచి బయటికి పోయాడని కథ. లెక్క తెలియనంతకాలం పట్టి ఉన్న కలి, లెక్క తెలియగానే వదిలిపోయాడు. లెక్కల మాస్టారిగా నాకు ఈ ఘట్టం చాలా ఇష్టం.

ఇక చట్టం సంగతి. మనది సరిహద్దు జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి, బళ్ళారి మైసూరులో కలిసింది. ఇటు 1963నాటి కర్ణాటక పోలీసు చట్టం, అటు 1974నాటి గేమింగ్ చట్టం. గీత దాటితే చట్టం పేరు మారుతుంది గానీ పందెం పెట్టి ఆడే జూదం రెండు వైపులా నేరమే. రమ్మీ విషయంలో ఒక పాత తీర్పుంది. సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద 1963లో పోలీసులు దాడి చేశారు. ఆ కేసు సుప్రీంకోర్టుదాకా పోయింది. 1967లో కోర్టు, రమ్మీలో ముక్కల్ని గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది దించాలో తెలియాలి కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అన్నది. మూడు ముక్కలాటను మాత్రం ఉత్త అదృష్టం కింద లెక్కకట్టింది. పోకర్ విషయంలో హైకోర్టులు ఒక్కమాట మీద లేవు. 2013లో కర్ణాటక హైకోర్టు దాన్ని నైపుణ్యం వైపు చూసింది, 2017లో గుజరాత్ హైకోర్టు అదృష్టం వైపు చూసింది.

ఫోనుల్లో ఆడే పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. కర్ణాటక 2021లో తెచ్చిన నిషేధాన్ని 2022 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసింది. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటే చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలన్నీ, నైపుణ్యమైనా అదృష్టమైనా, దేశమంతటా కూడవని ఆ చట్టం సారాంశం. నడిపేవాళ్ళకు మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఇంత జరిగినా దొంగచాటుగా నడిచేవి ఉంటాయి. మీ పిల్లలకు ఒక్క సంగతి చెప్పండి. కల్లంలో ఎదురుగా కూర్చున్నవాడి కళ్ళలోకి చూడవచ్చు. ఫోనులో అవతల ఉన్నది మనిషో, యంత్రమో, నలుగురు కలిసి ఆడుతున్న ముఠాయో తెలియదు. ఎవరిని భయపెడుతున్నామో తెలియని చోట బ్లఫ్ అనే మాటకే అర్థం లేదు.

మరి ఈ విద్య ఎందుకు నేర్చుకోవడం అని మీరు అడగవచ్చు. బ్లఫ్ పేకాటలో మాత్రమే లేదు. పశువుల సంతలో తువ్వాలు కప్పి వేళ్ళు పట్టి బేరమాడేవాళ్ళను మీరు చూసే ఉంటారు. చేతిలోని ముక్క మూసిపెట్టుకోవడం అంటే అదే కదా. మిరపకాయలు బ్యాడిగి మార్కెట్‌కో, గుంటూరు యార్డుకో తీసుకుపోయిన రైతును చూడండి. ‘ఈ ధరకిస్తే ఇయ్యి, లేకుంటే బస్తాలు ఎత్తుకుపో’ అంటాడు వ్యాపారి. అది నిజమా, బ్లఫ్పా? ఆ రోజు అతనికి సరుకు ఎంత అవసరమో చూడాలి. మొదటినుంచీ అతను చెబుతున్న మాటలకు పొందిక ఉందో లేదో చూడాలి. అన్నిటికన్నా ముందు, బస్తాలు నిజంగా వెనక్కి తీసుకుపోగల స్థితిలో మనం ఉన్నామా అని చూసుకోవాలి. శీతల గిడ్డంగిలో చోటుండి, నెత్తిమీద గడువు దాటిన అప్పు లేని రైతు ‘సరే, పోతా’ అంటే వ్యాపారి మళ్ళీ పిలుస్తాడు. అదే మాట రాత్రికి అప్పు కట్టాల్సిన రైతు అంటే అతని ముఖం చూడకుండానే వ్యాపారికి తెలిసిపోతుంది. లేచిపోగలిగినవాడి మాటకే బలం.

కాబట్టి నా సలహా ఇది. పోకర్ నేర్చుకోవాలనుకుంటే ఇంట్లో కూర్చుని, చింతపిక్కలతో నేర్చుకోండి. మనిషికి వంద పిక్కలు. పిల్లలకు భాగహారం, పాళ్ళు, నూటికి ఎంత అన్నవి పలకా బలపం లేకుండా వంటబడతాయి. మొదటి పది ఆటలు బ్లఫ్ లేకుండా ఆడించండి. చెడ్డ ముక్కలు వస్తే వెంటనే పడేయడం అలవాటు కానివ్వండి. తర్వాత ఒక్కొక్క బ్లఫ్‌కు ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోమనండి. ఎదుట ఎంతమంది? తప్పుకోవడం తెలిసినవాళ్ళేనా? మొదటినుంచీ నా పందేలు ఒకే కథ చెబుతున్నాయా? కుప్పలో ఉన్నదానికి నేను పెడుతున్నది తగినదేనా? నాలుగింటికీ సరైన జవాబు లేకపోతే ముక్కలు కింద పెట్టమనండి.

మా ఇంట్లో ఇప్పటికీ ఉగాది సాయంత్రం చాప పరిచి చింతపిక్కల డబ్బా తెస్తారు. మామ లేరు. అత్తకు ఎనభై దాటాయి. కళ్ళజోడు పెట్టుకుని ముక్కలు చూసుకుని, పదింటిలో ఏడుసార్లు పడేస్తుంది. మనవళ్ళు నవ్వుతారు. ఎనిమిదోసారి పిక్కలు ముందుకు తోసినప్పుడు ఎవరూ నవ్వరు. పోయిన ఉగాదికి అందర్నీ లేపేసి, కుప్ప దగ్గరికి లాక్కుని, తన ముక్కలు మూసే ప్యాకులో కలిపేసింది. ఏమున్నాయవ్వా అని పిల్లలు ఎంత అడిగినా చెప్పలేదు. నేనూ అడిగాను. నాకూ చెప్పలేదు.